యాగంటి కోనేరు, అగస్త్య మహర్షి: తరచుగా అడిగే ప్రశ్నలు

యాగంటి శివక్షేత్రం అనగానే అందరూ అక్కడి రాతి నంది బసవన్న గురించే అడుగుతారు. కోనేటి గురించి అడిగేవాళ్ళు తక్కువ. నిజానికి అక్కడి కథలన్నీ ఆ నీళ్ళ చుట్టూ అల్లుకున్నవే. ఇంకో సంగతి, యాగంటిలో ఏ కథకైనా కంటికి కనబడే ఆనవాలు ఒకటి ఉంటుంది. గోరు విరిగిన విగ్రహం, తీసేసిన స్తంభం, వంగి దూరాల్సిన గుహ, ఎద్దు నోట్లోంచి పడే ధార. ముందు ఆ ఆనవాలు చూసి తర్వాత కథ వింటే రెండూ బాగా అర్థమవుతాయి. ఇక్కడి జవాబులు ఆ పద్ధతిలోనే రాశాం.

యాగంటి కర్నూలు జిల్లానా, నంద్యాల జిల్లానా?

2022 ఏప్రిల్ 4 దాకా కర్నూలు జిల్లా, ఆ తర్వాత నంద్యాల జిల్లా. బనగానపల్లె మండలంలో, పాతపాడు దగ్గర, ఎర్రమల కొండల్లో ఉంది. పాత పుస్తకాల్లో, చాలా బోర్డుల మీద ఇంకా కర్నూలు జిల్లా అనే కనబడుతుంది. తప్పేమీ కాదు, పాత లెక్క అంతే. రైల్లో వచ్చేవాళ్ళకు నంద్యాల–ఎర్రగుంట్ల లైనులో బనగానపల్లె స్టేషన్ ఉంది. అక్కడి నుంచి ఆటోనో బస్సో చూసుకోవాలి. దిగేటప్పుడే తిరుగు బస్సు వేళ అడిగి పెట్టుకోండి. కొండల మధ్య చోటు, పొద్దుగూకాక బండి దొరకడం కష్టం.

ఇది బావా, కోనేరా, బుగ్గా? ఒక్కొక్కరు ఒక్కోలా అంటారు.

సీమలో నీటికి ఉన్న పేర్లు ఊరికే పుట్టినవి కావు. ప్రతి మాటా ఒక్కో రకం నీటిని చెబుతుంది.

నేలలోంచో రాతి సందులోంచో నీళ్ళు తమంతట తామే ఉబికితే అది బుగ్గ. తాడిపత్రిలో పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరుడికి ఆ పేరు వచ్చింది అందుకే, అక్కడ లింగం దగ్గర నీరు ఊరుతూ ఉంటుంది. కొండ మీద బండలో వాన నీళ్ళు నిలిచే గుంట దొన. ఎండిన ఏట్లో ఇసుక తోడితే ఊరేది చెలమ. సహజంగా లోతున్న మడుగు గుండం. మనిషి తవ్వి, గట్టు కట్టి, చేదతో తోడుకునేది బావి. మెట్లు దిగి నీళ్ళు ముట్టుకునేలా కట్టినది దిగుడుబావి. చుట్టూ రాతి మెట్లతో గుడికి కట్టించినది కోనేరు, సంస్కృతంలో పుష్కరిణి.

ఈ లెక్కన యాగంటిలో ఉన్నది బుగ్గ నీళ్ళు పట్టే కోనేరు. కొండ అడుగు నుంచి వచ్చే ఊట నీరు రాతి నంది నోట్లోంచి కోనేట్లో పడుతుంది. దాన్ని అగస్త్య పుష్కరిణి అంటారు. ‘బావి’ అన్నవాళ్ళు కూడా దీని గురించే అంటున్నారు, మాట మారింది, నీళ్ళు అవే.

అగస్త్యుడి కథ ఏమిటి? మొదటి నుంచి చెప్పండి.

అగస్త్యుడు దక్షిణాదికి వచ్చినప్పుడు ఈ కొండ, ఈ నీళ్ళు చూసి మనసు పడ్డాడు. ఇక్కడ వేంకటేశ్వరుడికి గుడి కట్టాలనుకున్నాడు. విగ్రహం సిద్ధమైంది. తీరా చూస్తే కాలి బొటనవేలి గోరు విరిగి ఉంది. భిన్నమైన విగ్రహాన్ని గర్భగుడిలో నిలపకూడదు కదా, పని ఆగిపోయింది. తన వల్ల ఏం లోపం జరిగిందో తెలియక అగస్త్యుడు శివుడి కోసం తపస్సుకు కూర్చున్నాడు. శివుడు ప్రత్యక్షమై, ఈ చోటు కైలాసంలా ఉంది, ఇది నాకు తగినది అన్నాడు. అయితే అమ్మవారితో కలిసి ఒకే రాతిలో వెలయమని అగస్త్యుడు అడిగాడు. అందుకే ఇక్కడ గర్భగుడిలో మామూలు శివాలయాల్లోలా లింగం కాకుండా ఉమామహేశ్వరులు ఒకే శిలలో కనిపిస్తారు. గోరు విరిగిన వేంకటేశ్వరుణ్ణి మాత్రం పారేయలేదు. పక్కనే కొండ గుహలో ఉన్నాడు, ఇప్పటికీ దర్శనం చేసుకోవచ్చు.

ఈ కథ చెప్పేవాళ్ళు తరచుగా వదిలేసే ముక్క ఒకటుంది. అగస్త్యుడు రోజూ ఈ కోనేట్లో స్నానం చేసే తపస్సుకు కూర్చునేవాడట. కోనేటికి ఆయన పేరు రావడానికి ఆధారం ఆ ముక్కే. దాన్ని వదిలేస్తే పుష్కరిణికి గుడితో సంబంధం తెగిపోతుంది, ఉత్త కాళ్ళు కడుక్కునే చోటుగా మిగులుతుంది.

నీళ్ళున్న చోటికి అగస్త్యుడి పేరే ఎందుకు పెడతారు?

ఋషులందరిలో నీటికి అంత దగ్గరివాడు ఇంకొకడు లేడు. కుండలో పుట్టాడు, కుంభసంభవుడు. సముద్రాన్ని పుడిసిట పట్టి తాగాడు. కావేరి ఆయన కమండలం నుంచే పారిందంటారు. తాగేసినవాడూ ఆయనే, పారించినవాడూ ఆయనే. ఎండే చోట ఎండని నీరు కనబడితే జనం నోట ఆయన పేరు రావడంలో ఆశ్చర్యం లేదు.

ఆకాశంలోనూ ఆయన నీటి లెక్కే చూస్తాడు. అగస్త్య నక్షత్రం ఉదయిస్తే వానకాలపు బురద నీళ్ళు తేరుకుంటాయని సంస్కృత కవుల కాలం నుంచి ఉన్న మాట. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో అది తెల్లవారుజామున మళ్ళీ కనబడటం మొదలవుతుంది, ఒండ్రు అడుక్కి దిగే కాలమూ అదే. రెండూ ఒకే వేళ జరుగుతాయి, కథ వాటిని ముడివేసింది. ఆ నక్షత్రాన్ని చూడాలంటే జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో దక్షిణం వైపు చూడండి. నక్షత్రాల్లో సిరియస్ తర్వాత ఎక్కువ మెరిసేది అదే. యాగంటి ప్రాంతం నుంచి చూస్తే దిగంతానికి సుమారు 22 డిగ్రీల కంటే పైకి రాదు. చెయ్యి చాపి పిడికిలి పెడితే సుమారు 10 డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్ళ ఎత్తు. యాగంటిలో నిలబడి చూస్తామంటే కొండ అడ్డొస్తుంది. బనగానపల్లె పొలాల్లోంచి అయితే దక్షిణాన చెట్లు, దీపాలు లేని చోటు చూసుకోవాలి.

ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? ఏడాది పొడుగునా ఎలా పారతాయి?

పాత కర్నూలు, కడప జిల్లాల్లో ఇంటి నేలకు పరిచే నాపరాయి తెలిసిందే కదా. బేతంచెర్ల రాళ్ళు, కడప రాళ్ళు అని దేశమంతా అమ్ముడుపోయేది. అది సున్నపురాయి. ఇక్కడి కొండల పొరల్ని భూగర్భ శాస్త్రజ్ఞులు మన ఊళ్ళ పేర్లతోనే పిలుస్తారు. అన్నిటికంటే అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి), దాని మీద నార్జి సున్నపురాయి, ఆపైన అవుకు షేల్ (పొరలుగా గట్టిపడిన బంకమట్టి), దాని మీద పాణ్యం క్వార్ట్‌జైట్, ఇంకా పైన కోయిలకుంట్ల సున్నపురాయి, చివరిది నంద్యాల షేల్.

గట్టి రాయిలో పగుళ్ళుంటాయి. కొండ మీద పడిన వాన ఆ పగుళ్ళలోకి దిగుతుంది. సున్నపురాయి తగిలితే దాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పోతుంది. కొలిమిగుండ్ల దగ్గర 3,229 మీటర్ల బెలూం గుహలు అలా తొలిచినవే. నీటిని దాటనివ్వని షేల్ లాంటి పొర అడ్డొస్తే ఇక దిగలేక పక్కకు జరిగి కొండ అంచున బయటపడుతుంది. దాన్నే మనం బుగ్గ అంటున్నాం. కొండ లోపల నీరు నెమ్మదిగా నడుస్తుంది గనుక వానాకాలంలో తాగింది ఎండాకాలం దాకా వదులుతూ ఉంటుంది. తడిపిన గోనెసంచిని గోడకు వేలాడదీస్తే కింది అంచు నుంచి చాలాసేపు చుక్కలు పడతాయే, అలాగే.

నంది నోరు మనిషి చేసిన పని, ఊట కొండది. శిల్పి తెలివి ఎక్కడుందంటే, ఊటను కోనేట్లోకి నేరుగా వదలకుండా ఎత్తు మీద నుంచి ధారగా పడేలా చేశాడు. అందువల్ల పట్టుకునే నీరు, మునిగే నీరు వేరయ్యాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే కింది రెండు ప్రశ్నలకు సగం జవాబు దొరికినట్టే.

స్నానం ఎలా చేయాలి? ముందు దర్శనమా, ముందు స్నానమా?

ముందు స్నానం, తర్వాత దర్శనం, ఆఖరున గుహలు. ఆచారం స్నానం ముందు అంటుంది. ఒంటి సుఖం కూడా అదే అంటుంది, ఎందుకంటే గుహలెక్కి చెమటలు కక్కుతూ చల్లటి ఊట నీళ్ళలో ఒక్కసారిగా దిగితే ఊపిరి బిగుసుకుంటుంది.

నీళ్ళ దగ్గరికి వెళ్ళగానే మునగొద్దు. ఒడ్డున కూర్చుని ముందు పాదాలు, తర్వాత చేతులు, ముఖం, నడినెత్తిన మూడు దోసిళ్ళు. అప్పుడు దిగండి. మెట్ల మీద నీటి గీత దగ్గర పాచి ఉంటుంది. పూర్తిగా మునిగి ఉన్న మెట్టు కంటే సగం తడి, సగం పొడి మెట్టే ఎక్కువ జారుతుంది. జారిపడేవాళ్ళు దిగేటప్పుడు పడరు, తడి బట్టలతో ఎక్కేటప్పుడు పడతారు. చీర కుచ్చిళ్ళు, పంచె అంచు కాళ్ళ కింద పడతాయి. ఎక్కే ముందు పిండుకుని, మోకాలి దాకా ఎగగట్టుకోండి. పిల్లల్ని మీకంటే ఒక మెట్టు పైన నిలబెట్టాలి, కింద కాదు.

సబ్బు, షాంపూ, నలుగుపిండి, తలకు నూనె వద్దు. వదిలించుకున్న బట్టలు నీళ్ళలో వదిలే అలవాటు కొన్ని క్షేత్రాల్లో ఉంది, ఇక్కడ అది అవసరం లేదు, మురుగు తప్ప ఫలితం ఉండదు. కార్తీకంలో దీపం వదిలేవాళ్ళు అరటిదొన్నెలో ఆవునెయ్యి వత్తి పెట్టుకుంటే మునిగినా కుళ్ళిపోతుంది. థర్మకోల్ దొన్నె మునగదు, కుళ్ళదు, మరునాడు ఎవరో ఏరాలి.

ఆ నీళ్ళు తాగొచ్చా? సీసాలో పట్టుకుని ఇంటికి తీసుకెళ్తే ఎన్నాళ్ళుంటాయి?

పడితే నంది నోటి దగ్గరే పట్టండి, కోనేట్లో ముంచొద్దు. కోనేరు వందల మంది దిగే నీరు. ధార దగ్గర పట్టినా సరే, చిన్నపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్ళకు, జబ్బుపడి లేచినవాళ్ళకు కాచి చల్లార్చే ఇవ్వాలి. తీర్థం అంటే ఉద్ధరిణెడు. చెంబెడు తాగితే పుణ్యం చెంబెడు రాదు.

ఇంటికి తీసుకెళ్ళడానికి స్టీలు లేదా రాగి పాత్ర మంచిది. లీటరు లోపు చాలు. సీసాను అదే నీళ్ళతో రెండుసార్లు తొలిచి పారబోసి, మూడోసారి అంచు దాకా నింపాలి.  ఎండ తగలకుండా దేవుడి గదిలో పెట్టండి. పచ్చటి పొర కనబడితే తులసి కోటలో పోసేయండి, ఎవరికీ పెట్టొద్దు.

ఒక మాట. సున్నపురాయి నేల మీది నీళ్ళు కాచితే గిన్నె అడుగున తెల్లటి పొడి మిగులుతుంది. విభూతి రాలిందని దాన్ని దాచుకునేవాళ్ళున్నారు. అది రాతిలోంచి కరిగివచ్చిన సున్నం. బనగానపల్లె, బేతంచెర్ల ప్రాంతాల్లో బోరునీళ్ళు కాచే గిన్నెకు పట్టే పొర చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. చింతపండు పులుసుతో తోమితే పోతుంది.

కోనేట్లో నాణేలు వేయొచ్చా? చేపలకు బొరుగులు?

పూర్వం రాగి నాణెం వేస్తే నీరు శుద్ధి అవుతుందని చెప్పేవాళ్ళు. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు స్టెయిన్‌లెస్ స్టీలు. వాటిలో రాగి లేదు, శుద్ధీ లేదు. హుండీ ఉంది కదా.

బొరుగులు గుప్పెడు మించొద్దు. చేపలు తినగా మిగిలినవి ఉబ్బి అడుక్కి చేరి నీటిని పాడుచేస్తాయి.

కాకులు నిజంగానే రావా?

కథ ఇది. అగస్త్యుడు తపస్సులో ఉండగా కాకాసురుడు వచ్చి ఆటంకం కలిగించాడు. ఈ చుట్టుపక్కల కాకి వాలకూడదని ఆయన శపించాడు. కాకి శనికి వాహనం, వాహనం రాని చోటికి శని కూడా రాలేడని దానికి తోక కథ. శనిదోషం ఉన్నవాళ్ళు యాగంటికి రావడం అందుకే. రామాయణంలో సీతమ్మను గీరి, రాముడి గడ్డిపరక బాణానికి కన్ను పోగొట్టుకున్న కాకాసురుడి కథ వేరు, రెంటినీ కలిపి చెప్పేవాళ్ళను ఆపండి.

ఇలాంటి శాపం యాగంటికి మాత్రమే లేదు. పల్నాడులో కోటప్పకొండ మీద కూడా కాకులు వాలవంటారు. అక్కడ శపించింది ఋషి కాదు, గొల్లభామ ఆనందవల్లి. స్వామికి తీసుకెళ్తున్న కుండ మీద కాకి వాలి నీళ్ళు ఒలకబోసిందట. చూశారా, అక్కడా నీళ్ళే, కుండే.

మీరే చూసి తేల్చుకోవాలంటే సరిగ్గా చూడండి. నల్లగా కనబడిందల్లా కాకి కాదు. రెండుగా చీలిన తోక ఉంటే ఏట్రింత. ఎర్రటి కన్ను, సన్నటి ఒళ్ళు ఉంటే మగ కోకిల. మెడ బూడిద రంగులో ఉంటే ఊరకాకి, ఒళ్ళంతా నలుపైతే బొంతకాకి. పొద్దున్నే గంటసేపు, గుడి దగ్గర ఒకరు, కిందికి ఊరి వైపు ఒకరు ఉండి, ఏ పక్షి ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసుకోండి. రెండు చోట్లా లెక్క లేకపోతే ‘ఇక్కడ లేవు’ అన్న మాటకు అర్థం ఉండదు.

దీనికి ఆచారంలో ఒక చిక్కు కూడా ఉంది. పిండం కాకి ముట్టాలని పట్టింపు ఉన్న ఇళ్ళవాళ్ళు ఆ పని యాగంటిలో పెట్టుకోకపోవడమే మేలు. కాకి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే కోతులు ముడతాయి.

బసవన్న పెరుగుతున్నాడా?

అంతటా వినిపించే లెక్క 20 ఏళ్ళకు ఒక అంగుళం. ఒకప్పుడు నంది చుట్టూ ప్రదక్షిణం చేసేవాళ్ళనీ, నంది పెరిగి సందు ఇరుకైందనీ, అందుకే మండపంలో ఒక స్తంభం తీసేశారనీ ఊళ్ళో చెబుతారు. ఆ లెక్కే పట్టుకుంటే నూరేళ్ళకు 5 అంగుళాలు, 600 ఏళ్ళకు 30 అంగుళాలు, అంటే రెండున్నర అడుగులు. సందు ఇరుకవడానికి అది చాలు, నంది కప్పు తాకడానికి చాలదు.

కొలిచేవాళ్ళు పడే పొరపాట్లు మూడు. నేల నుంచి కొలవడం మొదటిది. నేలకు కొత్త రాళ్ళు పరిస్తే నంది ఎత్తు తగ్గినట్టు వస్తుంది. నంది మీద పేరుకునే నూనె, పసుపు, గంధం పొరల మీద టేపు పెట్టడం రెండోది. ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డు కూడా మందమే కదా. గుడ్డ టేపు వాడటం మూడోది, లాగితే సాగుతుంది. సరిగ్గా చేయాలంటే స్తంభం మీద కదలని గుర్తు ఒకటి ఎంచుకుని, దేవస్థానం అనుమతితో, స్టీలు టేపుతో, అదే చోటి నుంచి నంది మీద ఏ పొరా లేని బిందువుకు కొలవాలి. ఏటా అదే నెలలో. ఒక అంగుళాన్ని నమ్మకంగా పట్టాలంటే కొలతలో తప్పు రెండు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు.

పెరుగుదల కథకు ప్రాణం పోసింది మాత్రం కొలత కాదు, బ్రహ్మంగారి మాట. కలియుగాంతంలో యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడని కాలజ్ఞానం. లేవాల్సినవాడు పెరగకుండా ఎలా ఉంటాడు?

గుహలు ఎన్ని? అన్నీ ఎక్కగలమా?

జనం వెళ్ళేవి ముఖ్యంగా మూడు. అగస్త్య గుహకు సుమారు 120 మెట్లు, నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఎక్కడం కంటే దిగడం కష్టం. దిగేటప్పుడు పక్కవాటుగా, ఒక్కో మెట్టుకు రెండు పాదాలూ ఆనించి దిగాలి. వేంకటేశ్వర గుహ అంతకంటే తేలిక, గోరు విరిగిన స్వామి అక్కడే ఉన్నాడు. తిరుపతి కంటే ముందే ఇక్కడ వెలిశాడని కొందరు అంటారు. వీరబ్రహ్మం గుహ పైకప్పు తక్కువ, వంగి దూరాలి. తల తగిలేది లోపలికి పోయేటప్పుడు కాదు, దండం పెట్టుకుని లేచేటప్పుడు. బయటికి వచ్చేదాకా నడుం ఎత్తొద్దు.

కొబ్బరిచిప్ప చేతిలో పట్టుకుని మెట్లెక్కితే కోతులు వదలవు. సంచిలో పెట్టి మూతి ముడేయండి.

‘నేకంటి’ అన్న మాటే యాగంటి అయిందా?

చిట్టెప్ప అనే భక్తుడికి శివుడు పులి రూపంలో కనబడ్డాడు. పులి కాదు శివుడని గుర్తుపట్టి ‘నేకంటి, శివుని నేకంటి’ అని గంతులేశాడు. ఆ నేకంటే యాగంటి అయిందంటారు. ఆయన పేరు మీద దగ్గర్లో ఒక గుహ కూడా ఉంది. కథ చక్కగా ఉంది, కానీ తెలుగులో మాట మొదటి ‘నే’ ఇలా ‘యా’ కావడం మామూలు నడక కాదు. పేరు ముందు ఉండి, దానికి తగినట్టు కథ తర్వాత పుట్టిందని మా అభిప్రాయం. అయినా చిట్టెప్ప కథను తీసిపారేయొద్దు. యాగంటి కథల్లో ఋషి కాని, స్వామి కాని మామూలు మనిషి ఆయనొక్కడే.

గుడి ఎవరు కట్టించారు?

విజయనగర సంగమ వంశం వాళ్ళు. ‘15వ శతాబ్దంలో హరిహర బుక్కరాయలు’ అని ఎక్కడ చూసినా ఒకే వాక్యం దొరుకుతుంది. అందులో ఒక చిక్కుంది. విజయనగరం 1336లో మొదలైంది. అన్నదమ్ములు హరిహరుడు, బుక్కరాయలు 14వ శతాబ్దం వాళ్ళు. ఆ పేర్లవాళ్ళలో 15వ శతాబ్దాన్ని చూసింది 1404 దాకా ఏలిన రెండవ హరిహరుడు, ఆయన తర్వాత కొద్దికాలమే ఏలిన రెండవ బుక్కరాయలు. సంగమ వంశం 1485లో ముగిసింది. కాబట్టి ‘సంగమ వంశ కాలం’ అంటే చాలు, అంతకు మించి రాసేటప్పుడు ఈ ఏళ్ళు చూసుకోండి.

బ్రహ్మంగారికీ ఈ నీళ్ళకూ ఏమిటి సంబంధం? ఆయన తవ్విన బావి ఇదేనా?

కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట ఆవులు కాశాడు. కర్రతో గిరి గీసి ఆవుల్ని అందులో మేపి, తను రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాసేవాడని కథ. రవ్వలంటే వజ్రాలు, ఈ ప్రాంతంలో వజ్రాల గనులు ఉండేవి. రాసిన పత్రాల్ని అచ్చమ్మ ఇంట పాతిపెట్టి పైన చింతచెట్టు నాటారు, అదే చింతమాను మఠం. యాగంటి గుహలో కొంత భాగం రాశాడంటారు. ఇక్కడితో ఆయనకున్న ముడి అది, దానికి తోడు బసవన్న రంకె.

బావి ఉన్నది కడప జిల్లా కందిమల్లాయపల్లెలో, ఇప్పటి బ్రహ్మంగారి మఠంలో. ఆయన కాపురమున్న ఇంట్లో ఆయనే స్వయంగా, ఒక్క రాత్రిలో తవ్వాడని చెప్పుకునే బావి అది. 1693లో వైశాఖ శుద్ధ దశమినాడు జీవసమాధి అయిందీ ఆ ఊళ్ళోనే. యాగంటిది ఋషి స్నానం చేసిన ఊట, మఠానిది స్వామి చేత్తో తవ్విన బావి. మొదటిదాంట్లో మహిమ కొండది, రెండోదాంట్లో మహిమ కష్టానిది. కథలు చెప్పేటప్పుడు ఈ తేడా పోగొడితే రెండూ చప్పబడతాయి.

మహానంది కోనేరు కూడా ఇలాంటిదేనా?

ఊట కోనేరే గానీ కొండ వేరు, కథ వేరు. మహానంది నల్లమల అంచున ఉంది, యాగంటి ఎర్రమలలో. రెంటి మధ్య కుందూ లోయ. మహానందిలో నీరు గర్భగుడి లింగం కింది నుంచి వస్తుంది, అడుగున పడిన బిళ్ళ కూడా కనబడేంత తేటగా ఉంటుంది. అక్కడి నుంచి అరటితోటలకు పారుతుంది. అక్కడి ఋషి శిలాదుడు, నంది తండ్రి. లింగం మీద ఆవు గిట్ట గుర్తు ఉంటుంది. ఒకే రోజు రెండూ చూడొచ్చు, కానీ స్నానం ఒక్కచోటే పెట్టుకోండి. తడి బట్టలతో బస్సులో కూర్చుంటే మరునాడు జలుబు ఖాయం.

మా ఊళ్ళో కూడా ఇలాంటి బావి, దాని పక్కన ఒక అవధూత సమాధి ఉన్నాయి. కథ రాసిపెట్టుకోవాలంటే ఎలా?

ఇంట్లో కూర్చోబెట్టి అడగొద్దు, బావి దగ్గరికి తీసుకెళ్ళి అడగండి. ఇంట్లో అడిగితే ‘మహిమ గల బావి’ అనే ఒక్క ముక్కే వస్తుంది. గట్టు మీద కూర్చుంటే ‘ఇదిగో ఈ రాయి మీదే కూర్చునేవాడంట’ అని మొదలవుతుంది.

కనీసం ముగ్గురి దగ్గర వినాలి. పూజారి లేదా దర్గా చూసుకునే ముజావరు ఒకరు, నీళ్ళు మోసిన పెద్దావిడ ఒకరు, బావి పూడిక తీసిన మనిషి ఒకరు. మూడోవాళ్ళను అందరూ మర్చిపోతారు. అడుగున ఏముందో, ఊట ఏ మూల నుంచి వస్తుందో తెలిసింది వాళ్ళకే. ఒకరు చెబుతుంటే ఇంకొకర్ని పక్కన ఉంచొద్దు, పెద్దాయన చెప్పిందే అందరూ చెబుతారు.

‘ఈ బావి ఎప్పుడూ ఎండలేదంట కదవ్వా?’ అని అడగొద్దు. అవునంటుంది. ‘కరువొచ్చిన ఏడు నీళ్ళకు ఎక్కడికి పోయేవాళ్ళవ్వా?’ అని అడగండి. నిజం దానంతట అదే బయటికొస్తుంది. ప్రతి కథ చివరా ‘నీకెవరు చెప్పినారు?’ అని ఒక మాట అడిగి, ఆ చుట్టరికం రాసుకోండి. ఫోన్లో రికార్డు చేస్తే ముందు వాళ్ళ ఒప్పుకోలు తీసుకుని, మొదటే తేదీ, ఊరు పలకండి. చెప్పినవాళ్ళ మాట యాస మార్చకుండా రాయాలి. ‘వచ్చినాడు’ని ‘వచ్చెను’ చేస్తే అది వాళ్ళ కథ కాదు.

బావి కొలతలూ తీసుకోండి. తాడుకు అడుగుకో ముడి వేసి, చివర పిడికెడు రాయి కట్టి దించండి. తాడు వదులైన చోట అడుగు తగిలినట్టు. పైకి తీసి తడి ఎక్కడిదాకా ఉందో చూస్తే నీళ్ళ లోతు తెలుస్తుంది, పొడి ముడులు లెక్కిస్తే గట్టు నుంచి నీటి మట్టం. పత్తి తాడు తడిసి కుంచించుకుపోతుంది, నైలాన్ తాడు మేలు. చైత్రంలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి కొలిస్తే ఊట బలం అర్థమవుతుంది. ధార పడేచోటైతే పది లీటర్ల బకెట్టు పెట్టి సెకన్లు లెక్కించండి. 20 సెకన్లకు నిండితే గంటకు 1,800 లీటర్లు, రోజుకు 43,200.

రాతి మీద అక్షరాలుంటే సుద్ద పూయొద్దు, పిండి రుద్దొద్దు, గీకొద్దు. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తీస్తే నీడలో అక్షరాలు లేస్తాయి. రాయి ఎండకు అందకపోతే రాత్రి టార్చిలైటు పక్క నుంచి వేయండి. పక్కన అడుగుబద్ద పెట్టి తీయడం మర్చిపోవద్దు.

ఒంటరిగా పాతబావిలోకి దిగొద్దు. వాడకంలో లేని బావి అడుగున ఊపిరాడని గాలి నిలిచి ఉంటుంది, నీళ్ళు లేనంత మాత్రాన ప్రమాదం లేనట్టు కాదు. దీపం దించితే ఆరిపోతే దిగకూడదన్నది పాతవాళ్ళ పద్ధతి. అయితే దీపం ఆరలేదని ధైర్యంగా దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, అన్ని విషవాయువులూ దీపాన్ని ఆర్పవు. పైనుంచి కొలిచినంత చాలు.